మెర్కాదా అత్త తీసుకోని రాగి కాగు

శుక్రవారం పొద్దు వాలే వేళకి మెర్కాదా అత్త పని ఆపించి మమ్మల్నందరినీ గోడవారన నిలబెడుతుంది. ఒక్కొక్కరి మెడపట్టీ, చేతుల అంచులు, నడుం దగ్గరి ముడతలు వేళ్ళతో తడుముకుంటూ వస్తుంది. కుట్టుపని చేసేవాళ్ళం కదా, సూదిని ఒంటిమీద బట్టలో గుచ్చుకోవడం మాకు తెలియకుండానే జరిగిపోతుంది. అలా గుచ్చుకున్న సూది ఒక్కటి మర్చిపోయినా సబ్బాతు నాడు, అంటే యూదులం మేం ఏ పనీ ముట్టని శనివారం నాడు, పనిముట్టు మోసుకుంటూ వీధిలో తిరిగినట్టే లెక్క. మా అందరివీ అయ్యాక తను రెండు చేతులూ చాచి నిలబడుతుంది. అప్పుడు మేం ఆవిడ బట్టల్లో వెతకాలి. ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఎక్కువ దొరుకుతాయి.

"నేను మనిషిని కాదే, సూదుల దిండుని," అంటుంది. "బాగా వెతకండి. ఆ భుజం వెనకాల చూడవే ఎస్త్రేయా, పోయినవారం అక్కడొకటి దాక్కుంది."

సూదులన్నీ డబ్బాలో పడ్డాక మూత బిగించి, డబ్బాని అటక మీదికి తోసి, దాని వైపు వీపు తిప్పుకుంటుంది. ఇక శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఆవిడ నోట పత్తి మాట రాదు, సాటిను మాట రాదు, ఎవరు ఎంత ఇవ్వాలన్న మాట అసలే రాదు.

మా సలోనికా రేవుపట్నంలో రజాయిలు కుట్టేవాళ్ళకి కొదవ లేదు. అయినా పెళ్ళికూతురి సామాను చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ముందు రజాయి అంచు పట్టుకుని చూస్తారు. కుట్లు చీమల బారులా సన్నగా సాగి, మధ్యలో దానిమ్మకాయ పగిలి గింజలు కనపడుతుంటే, ఎవరు కుట్టారని అడగరు. మెర్కాదా అని వాళ్ళకి తెలుసు. ఆ దానిమ్మకాయని ఆవిడ సుద్దముక్కతో చెయ్యెత్తకుండా ఒక్క గీతలో గీస్తుంది. గీసేటప్పుడు ఊపిరి బిగపట్టి, పూర్తయ్యాక "హమ్మయ్య, కాయ కోశాం" అంటుంది.

మనిషి పొట్టి. నవ్వితే ఒక పక్క పన్ను లేని చోటు కనపడుతుంది. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. వాళ్ళమ్మకి ఆవిడ కంటే ముందు పుట్టిన పిల్లలెవరూ బతకలేదట. ఆవిడకీ పాలు తాగే వయసులోనే జ్వరం వస్తే, వాళ్ళమ్మ కిటికీలోంచి పక్కింటావిడకి బిడ్డని అందించి, ఒక్క కాసు పుచ్చుకుని అమ్మేసింది. మృత్యువు వచ్చి ఈ ఇంట్లో వెతికితే బిడ్డ కనపడకూడదని. జ్వరం తగ్గాక మళ్ళీ కొనుక్కుని, ఉన్న పేరు తీసేసి మెర్కాదా అని పెట్టారు. కొన్నపిల్ల అని.

"నామీద ఒకసారి ధర పడింది. నాకదే చాలు," అంటుంటుంది. నవ్వుతూనే అంటుంది.

సబ్బాతు నాడు అంగడి మూయడం మా ఊళ్ళో ఎవరి గొప్పా కాదు. రేవులో మూటలు మోసేవాళ్ళు మావాళ్ళే కాబట్టి శనివారం ఏ దేశపు ఓడైనా సరే సరుకుతో అలా ఊగుతూ నిలబడాల్సిందే. అంగళ్ళు మూయడం తేలిక. ఆ తర్వాత నోరు మూయడమే కష్టం. ప్రార్థన అయ్యి బయటికి వచ్చిన మగవాళ్ళ మాటలు వింటే తెలుస్తుంది. "ఇవాళ సబ్బాతు కాకపోయుంటే నీకో మాట చెప్పేవాణ్ణి ఇసాకూ, నీ నూనె పీపాలు నాకు నచ్చాయని." "సబ్బాతు కాకపోయుంటే నేను కూడా చెప్పేవాణ్ణి, ఆ నచ్చినదానికి నువ్వింకాస్త పెంచాలని." ఇద్దరూ ఏమీ అననట్టే తలలూపుకుంటూ వెళ్ళిపోతారు. అందరూ చేసేదే. ఎవరూ తప్పు పట్టరు.

మెర్కాదా అత్త మాత్రం ఆ తలూపడం కూడా లెక్కలోకే వస్తుందంటుంది. బెన్‌సుసాన్ గారి ఇంటి సంగతి ఊరంతా ఎరిగిందే. పట్టు వ్యాపారం చేసే పెద్ద కుటుంబం వాళ్ళది. ఓ శనివారం ప్రార్థన నుంచి వస్తూ ఆ ఇంటి పెద్ద కోడలు మెర్కాదా అత్తని ఆపి, తమ ఇంట్లో పెళ్ళని, రజాయిలన్నీ ఆవిడే కుట్టాలని, ఒక్కోదానికి ఇంత ఇస్తామని గలగలా చెప్పేసింది. ఈవిడ ఎండకి కళ్ళు చికిలించుకుంటూ "సరేనమ్మా" అని తలూపింది. వీధి మలుపు దాకా నడిచి అక్కడే నిలబడిపోయింది. ఏం చేసిందో అప్పుడు తట్టింది.

సబ్బాతు ముగియగానే వెళ్ళి ఆ పని తను చేయలేనని చెప్పింది. ఆ కోడలు అనుకున్నదానికంటే ఎక్కువిస్తానంది. ఈవిడ వద్దంది. "అయితే మనం శనివారం అసలు మాట్లాడుకోనేలేదు. ఇదిగో, ఇప్పుడు కొత్తగా అడుగుతున్నాను, చాలా?" అందట ఆవిడ, పాపం మంచి మనసుతోనే.

"నా తల ఊగింది సబ్బాతు నాడు తల్లీ. ఇప్పుడు అది ఊగలేదని దానికి నచ్చజెప్పమంటారా?" అంది మెర్కాదా అత్త.

ఆ రజాయిలు వేరేవాళ్ళు కుట్టారు. ఆ ఏడాది చలికాలం మెర్కాదా అత్త ఇంట్లో బొగ్గులు పొదుపుగా వాడారని ఎస్త్రేయా చెప్పింది. ఆవిడ తీరు అది. సబ్బాతు నాడు ధర మాట దొర్లిన బేరం ఎంత పెద్దదైనా, అందులోంచి వచ్చే లాభం ఆవిడ ముట్టుకోదు. అలా చేయమని ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

అలాంటి మనిషి పని నేర్చుకునే ఆడపిల్లల్ని చూసి ఎంచుకోవడానికి మాత్రం సబ్బాతు మధ్యాహ్నమే వచ్చేది. దానికి మా లోగిట్లో రెండు రకాలుగా చెప్పుకునేవాళ్ళు.

మా లోగిలి అంటే నాలుగు వైపులా గదులు, మధ్యలో బావి, ఒక మల్లెతీగ. గదికో కుటుంబం. చేపలమ్మే సాంతో బాబాయి మా ఎదురుగదిలో ఉండేవాడు. "ఆవిడ తెలివే తెలివి. సబ్బాతు నాడు వస్తే, పిల్లకి ఏం ఇస్తావని ఎవరూ అడగలేరుగా," అనేవాడు.

"వారమంతా నువ్వు వాడిపోయిన చేపకి ధర చెప్తావు. ఆవిడ ఒక్కరోజు చెప్పకపోతే నీకేంటి నొప్పి?" అనేది జోయా మామ్మ. లోగిట్లో అందరికంటే పెద్దది ఆవిడ. "పిల్లకి పని నేర్పించే మాట సబ్బాతు నాడు మాట్లాడుకోవచ్చురా. చదువు చెప్పించడం లాగే అదీ దేవుడు మెచ్చే పనే. ధర మాత్రం ఎత్తకూడదు. మిగతా కుట్టుపనివాళ్ళు వారం మధ్యలో వచ్చి కూర్చుని, నేర్పినందుకు ఏమిస్తారని తల్లుల్ని అడుగుతారు. లేనివాళ్ళు తల వంచుకోవాలి. ఈవిడ ఆ అడగడం లేని రోజునే వస్తుంది. తర్వాత ఎవరైనా వెళ్ళి కదిపితే, మనం మాట్లాడుకోవడం అయిపోయిందిగా, మళ్ళీ కొత్తగా ఏంటి అంటుంది. అర్థమైందా నీ చేప బుర్రకి?"

మా నాన్న రేవులో మూటలు మోసేవాడు. ఊపిరితిత్తుల జ్వరంతో పోయాడు. నాకప్పుడు పన్నెండు దాటాయి. బడి మానేశాను. అమ్మ పేరు లూనా. రేవు పక్కనుండే పెద్ద ఇళ్ళవాళ్ళ బట్టలు తెచ్చి ఉతికేది. అందుకు ఆమెకున్న ఆధారమల్లా పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి కాగు. తమ్ముళ్ళిద్దరూ దాక్కుంటే కనపడనంత పెద్దది. దుప్పట్లు అందులోనే ఉడకాలి. ఆ కూలితో నలుగురం గడవడం లేదు. పొగాకు గోదాంలో ఆకు వేరుచేసే పనికి నన్ను ఆదివారం పొద్దున పంపమని అక్కడి మేస్త్రీ కబురు పెట్టాడు. మా లోగిట్లో ఇద్దరాడపిల్లలు అప్పటికే ఆ పనికి వెళ్తున్నారు. ముందు వాళ్ళ దగ్గు వినపడి, తర్వాత వాళ్ళు కనపడేవాళ్ళు. అమ్మ ఆ దగ్గు విన్నప్పుడల్లా నా వైపు చూసేది.

జోయా మామ్మే వెళ్ళి మెర్కాదా అత్తకి నా సంగతి చెప్పింది. గోదాంకి వెళ్ళాల్సిన ముందురోజు, సబ్బాతు మధ్యాహ్నం, ఆవిడ మా లోగిట్లోకి వచ్చింది. ఖాళీ చేతులతో, పట్టుకుంటే మోసినట్టవుతుందని రుమాలు కూడా మణికట్టుకి కట్టుకుని.

బావి దగ్గర చాప పరిచారు. వేయించిన గుమ్మడిగింజలు, వంకాయ కూరిన బొరేకాలు, శుక్రవారం నుంచీ పొయ్యి మీద ఉల్లిపొట్టులో మగ్గి గోధుమరంగు తేలిన గుడ్లు పెట్టారు. లోగిలి లోగిలంతా గడపల్లో కూర్చుని గింజలు కొరుకుతూ చూస్తోంది.

"ఏం పేరు?" అని అడిగింది మెర్కాదా అత్త నన్ను.

నేను అమ్మ వైపు చూశాను.

"వీదా," అంది అమ్మ. "దానికి మాట తక్కువ అక్కా."

"మంచిదే. పని నేర్చుకోడానికి నోటితో పనేముంది?"

"నీకు మాత్రం నోటితోనే నేర్పినట్టున్నారు మెర్కాదా," అంది జోయా మామ్మ. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత పళ్ళెంలోంచి ఒక గుడ్డు తీసి నా చేతిలో పెట్టింది.

"ఒలిచి ఇవ్వు చూద్దాం."

ఒలిచాను. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు, నా వేళ్ళే చూసింది. ఇంకోటి ఇచ్చింది. పెంకు మొత్తం ఊడొచ్చింది, తెల్లసొన మీద గోటి గీత కూడా పడలేదు. రెండోది తను సగం కొరికి, నములుతూ అమ్మతో అంది:

"పొద్దున్నే పంపు. భోజనం నా దగ్గరే. చేతులు కడుక్కుని రమ్మను, సాటినుకి మరకలంటే ఇష్టం ఉండదు."

అంతే. అయిపోయింది. నాకు గోదాం తప్పిపోయింది. అమ్మ అక్కడితో ఊరుకుని ఉంటే అంతే.

కానీ మా అమ్మ ఊరికే ఏదీ పుచ్చుకునే మనిషి కాదు. నాన్న పోయిన వారంలో ఎవరు పప్పో రొట్టో తెచ్చి పెట్టినా, వాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివెళ్ళేది కాదు. ఏమీ లేకపోతే నాలుగు మల్లెపూలైనా అందులో వేసి పంపేది. మెర్కాదా అత్త వస్తుందని తెలిసినప్పటి నుంచీ అమ్మ ఏదో గొణుక్కుంటూనే ఉంది. ఏమని గొణుక్కుందో ఇప్పుడు బయటికి రాబోతోందని నాకు తెలిసిపోయింది. పెదాలు కదులుతున్నాయి. మెర్కాదా అత్తకీ తెలిసినట్టుంది. గబగబా ఇంకో గుడ్డు తీసి అమ్మ చేతిలో పెట్టేసింది.

"నువ్వూ తిను లూనా. నోట్లో పెట్టుకో. పెట్టుకో ముందు."

"ఊరికే నేర్పించుకోను అక్కా," అంది అమ్మ, గుడ్డు పట్టుకునే. "నా పుట్టింటి రాగి కాగు ఉంది. పిల్లకి పని నేర్పినందుకు అది నీకు ఇచ్చేస్తాను."

గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది.

"నోరు ముయ్యవే లూనా!" అంది జోయా మామ్మ. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అయిపోయింది," అన్నాడు సాంతో బాబాయి మెల్లగా. "సబ్బాతు నాడు అంగడి తెరిచేసింది."

మెర్కాదా అత్త మిగిలిన సగం గుడ్డు పళ్ళెంలో పెట్టేసింది. ఒళ్ళో పడ్డ పెంకులు దులుపుకుని లేచింది. "దేవుడు మీకు మంచి వారం ఇవ్వాలి," అని అందరికీ చెప్పి, మా అమ్మ వైపు చూడకుండా వెళ్ళిపోయింది. సరేననలేదు, కాదనలేదు. చెప్పనక్కర్లేదు కూడా. బెన్‌సుసాన్ వాళ్ళ రజాయిల సంగతి అందరికీ గుర్తుంది.

 సాంతో బాబాయి కూడా తన గది గడపలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ బావి గట్టు మీద కూర్చుని ఆ గుడ్డు వైపే చూస్తోంది.

"నేనేమన్నాను మామ్మా? ఊరికే వద్దనే కదా అన్నాను," అంది చాలాసేపటికి.

"అదే రేపంటే ఏం పోయేదే?"

"రేపైతే ఆవిడ వినదుగా. నువ్వే చెప్పావు, మాట్లాడుకోవడం అయిపోయింది అంటుందని."

జోయా మామ్మ వచ్చి అమ్మ పక్కనే కూర్చుంది.

చుక్కలు కనపడగానే సాంతో బాబాయి లోగిలి మధ్యలో దీపం వెలిగించి, సబ్బాతుని సాగనంపే ప్రార్థన చదివాడు. ఆచారం ప్రకారం మల్లెకొమ్మ చేతులు మారింది, అందరం వాసన చూశాం. అమ్మ చూసిందో లేదో నాకు తెలియదు. ప్రార్థన ఆఖరి మాట పూర్తయ్యేసరికి ఆవిడ మా గదిలోంచి కాగు దొర్లించుకొస్తోంది. బోర్లించి నెత్తి మీద పెట్టుకుంది. అంత పెద్ద కాగు కింద ఆమె ముఖం కూడా సరిగ్గా కనపడలేదు. "పద," అంది నాతో.

మెర్కాదా అత్త ఇల్లు కొండవాలులో ఉంది. దారంతా ఎక్కుడే. అమ్మ ఎక్కడా ఆగలేదు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని చూశారు.

తలుపు తీసిన మెర్కాదా అత్త చేతిలో అప్పుడే వెలిగించిన దీపం ఉంది.

"అదెందుకు తెచ్చావు?"

"సబ్బాతు చెడగొట్టానక్కా నీకు. పిల్లని నువ్వెలాగూ తీసుకోవు, నాకు తెలుసు. ఇది మాత్రం తీసుకో. నా తప్పుకి."

"దించు. ముందు దాన్ని దించు, మెడ విరుగుతుంది. అయ్యో, లోపలికి కాదు! గడపకి అవతలే."

అమ్మా నేనూ పట్టి దించాం. రాగి మీద దీపం వెలుగు పడి ఆ వాకిలంతా ఎర్రగా అయింది. మెర్కాదా అత్త దాన్ని ఒకసారి చూసి చప్పున ముఖం తిప్పుకుంది.

"నీ మూలంగా మధ్యాహ్నం నాకు కునుకు లేదు లూనా. ఆలోచించకూడదని పోయి పడుకున్నాను. కళ్ళు మూస్తే ఇదే. ఎంత ఉంటుందో, ఎంత మందమో. వంటింట్లో కిటికీ కింద జాగా ఉంది, అక్కడైతే సరిగ్గా పడుతుంది అని కూడా అనుకున్నాను. దేవుడు క్షమించాలి. సబ్బాతు నాడు పడుకుని నీ కాగుని నా ఇంట్లో పెట్టేసుకున్నాను! ఇంకెలా తీసుకుంటాను?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే ఇక వెళ్తాం. పిల్ల రేపు గోదాంకి..." అని మాట పూర్తి చేయలేకపోయింది.

"గోదాం ఏంటి? పొద్దున్నే పంపమని చెప్పానుగా."

"బెన్‌సుసాన్ వాళ్ళ రజాయిలు వదిలేశావు కదక్కా."

"రజాయిలు కుడితే నాకు లాభం. అందుకే వదిలేశాను. ఈ పిల్ల వల్ల నాకేం లాభమే? చూడు, దారప్పోగులా ఉంది. రెండేళ్ళపాటు నా సూదులు విరగ్గొడుతుంది, సాటిను పాడుచేస్తుంది, నా పప్పు తింటుంది. లాభం కళ్ళపడితే వదులుకుంటాను, సరే. నష్టాన్ని కూడా వదులుకోమని ఎక్కడ రాసుంది?"

అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ కలిసిన చప్పుడు వచ్చింది. ఆ మాట తనలో సర్దుకున్నాక మళ్ళీ మొదలెట్టింది.

"అయితే వేరే ఏదన్నా అడుగు. ఇప్పుడు సబ్బాతు అయిపోయిందిగా."

"ఏం అడిగినా ఈ కాగుతో తూచే అడుగుతాను. అంతకంటే ఎక్కువా, తక్కువా అని. ఇక ఈ జన్మకి నీ ఇంటి నుంచి నాకు నేర్పిన ప్రతిఫలం అనేది పుట్టదు. నువ్వే నాశనం చేశావు. నోరు మూసుకుని ఉంటే పండక్కి ఓ కోడిని తెచ్చి ఇచ్చేదానివి, తినేదాన్ని. ఇప్పుడు ఆ కోడి కూడా పోయింది."

"ఊరికే నేర్పించుకోను అక్కా," అంది అమ్మ. గడప దగ్గర నుంచి కదల్లేదు.

"మొండిదానా!"

 తర్వాత మెర్కాదా అత్త దీపం కింద పెట్టి, చేతులు నడుం మీద పెట్టుకుంది. గొంతు మారిపోయింది.

"నువ్వు బట్టలు ఉతుకుతావు కదా. కుట్టేముందు అస్తరు గుడ్డని ఉడకబెట్టి ఆరేయాలి, లేకపోతే తర్వాత ముడుచుకుపోతుంది. ఇప్పుడు చేసే ఆవిడ నీలిమందు గుమ్మరిస్తోంది. నువ్వు చేస్తావా?"

"చేస్తాను. ఊరికే చేస్తాను."

"ఊరికే చేస్తే అది ప్రతిఫలమే అవుతుంది, మళ్ళీ మొదటికొస్తాం. కూలి చెప్పు. ఇప్పుడు సబ్బాతు కాదు, నోరు తెరువు. మధ్యాహ్నం బాగానే తెరిచావుగా."

అమ్మ చెప్పింది.

"అంతా? నా గుడ్డ ఉతుకుతావా, దానికి పెళ్ళి చేస్తావా?"

"నీ రజాయికి పెళ్ళివాళ్ళ దగ్గర ఎంత లాగుతావో ఊరందరికీ తెలుసు అక్కా."

"కట్టెలు నీవేనా?"

"కట్టెలు నావే. సబ్బు నీది."

"సబ్బు నాదా! వినండర్రా, సబ్బు కూడా నాదట!"

పైకిటికీ తెరుచుకుంది. "సబ్బాతు ముగిసిందో లేదో, అప్పుడే ఏంటి మెర్కాదా ఈ గోల?" అని ఎవరో అరిచారు. "వ్యాపారం చేసుకుంటున్నాం, నువ్వు పడుకో," అని అరిచింది ఈవిడ. అంతవరకూ నాకు ఆవిడ సబ్బాతు మనిషిగానే తెలుసు. పత్తి వ్యాపారులు ఆవిడని చూసి ఎందుకు కొట్టు వెనక్కి తప్పుకుంటారో ఆ రోజు అర్థమైంది. కూలి విషయంలో అమ్మని బాగా కిందకి దింపింది, సబ్బు దగ్గర మాత్రం ఓడిపోయింది. ఒప్పందం అయ్యాక ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నాన్న పోయాక అమ్మ అంత గట్టిగా మాట్లాడటం వినడం అదే మొదటిసారి.

"ఇక దాన్ని తీసుకుపో. నా వాకిట్లో ఉంటే మళ్ళీ చూడాలనిపిస్తుంది," అంది మెర్కాదా అత్త.

దిగుడు దారిలో కాగు ఓ పక్క అమ్మ, ఓ పక్క నేను పట్టుకున్నాం. రాళ్ళకి తగిలినప్పుడల్లా గంటలా మోగింది. మా లోగిలి గుమ్మంలో అందరూ నిలబడి ఉన్నారు. కాగుతో సహా మేం తిరిగి రావడం చూసి జోయా మామ్మ గుండె మీద చెయ్యేసుకుంది. అమ్మ దాన్ని బావి దగ్గర దించి, "రేపటి నుంచి పిల్ల పనికెళ్తోంది మామ్మా. మెర్కాదక్క దగ్గరికి," అంది. తర్వాత సాంతో బాబాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పింది నిజమే, అంగడి తెరిచాను. నష్టం ఆవిడకే," అంది.

అదంతా జరిగి ఏళ్ళవుతోంది. సూదులు విరగ్గొట్టడం మానడానికి రెండేళ్ళ కంటే ఎక్కువే పట్టింది నాకు. అస్తరు గుడ్డలు ఇప్పటికీ ఆ రాగి కాగులోనే ఉడుకుతాయి. అమ్మ మూట తెచ్చి దించుతుంది, మెర్కాదా అత్త ఒక్కో గుడ్డనీ వెలుతురులో పట్టి నీలిమందు వెతుకుతుంది, సబ్బు మీద గొడవ ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. మేమెవరం తల ఎత్తం. కానీ అందరం వింటాం.

సబ్బాతు మధ్యాహ్నాలు ఆవిడ ఇంకా లోగిళ్ళకి వెళ్తూనే ఉంది. కళ్ళు మసకబారుతున్నాయని నన్ను తోడు తీసుకెళ్తుంది. నన్ను తల్లుల పక్కన కూర్చోమంటుంది. వాళ్ళ పెదాలు కదలబోతుంటే నేను గింజల పళ్ళెం ముందుకు జరుపుతాను.

మేం పనిచేసే గదికీ వాకిలికీ మధ్య ఆవిడ వంటిల్లు. ఇరుకు ఇల్లు, ఎక్కడ చూసినా పత్తి బస్తాలే. అన్నం తినడానికి కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. అయినా కిటికీ కింద ఓ జాగా ఉంది, గుండ్రంగా, ఒక పెద్ద కాగు పట్టేంత. పోయిన చలికాలం కొత్తగా చేరిన పిల్ల బొగ్గుల బుట్ట తెచ్చి అక్కడ పెట్టబోయింది.

"అక్కడొద్దమ్మా," అంది మెర్కాదా అత్త, కుట్టులోంచి తలెత్తకుండా. "ఇంకెక్కడైనా పెట్టు."

ఆ పిల్ల బుట్ట తీసి గుమ్మం పక్కన ఇరికించింది. ఆ జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఎండ పడే వేళకి పిల్లి వచ్చి అక్కడ పడుకుంటుంది.